భూమి వేడిమిని లెక్కించిన లార్డు కెల్విన్

నెల్లూరు పట్టణమునకు తూర్పుగా, పెన్నానది తెచ్చి పరచిన ఒండ్రునేలపై, బంగాళాఖాతపు ఒడ్డున తోటపల్లి గూడూరు ప్రాంతము కలదు. అచ్చటగాని, తెలుగుదేశమున మరి యే పల్లెయందుగాని, లోతైన నూతినీరు పుష్యమాసపు వేకువను చేతికి గోరువెచ్చగా తగులును. రోహిణికార్తె మధ్యాహ్నమున అదే నీరు చల్లగా తోచును. నిజమునకు ఆ నీటి ఉష్ణోగ్రతలో చెప్పదగిన మార్పు లేదు. మారినది మన చుట్టునున్న గాలి వేడిమి. పగటియెండ ప్రభావము నేలలో రెండు మూరల లోతునకే దాదాపు అణగిపోవును. వేసవి, చలికాలముల భేదము పది పదునైదు మీటర్ల లోతునకు పోవునప్పటికి సమసిపోవును. అంతకంటె క్రింద ఋతువుల ప్రమేయము లేదు. అయినను అచ్చటనుండి లోతునకు దిగిన కొలదియు వేడిమి క్రమముగా పెరుగుచునే యుండును.

గనులలో పాటుపడువారికి ఈ సంగతి పూర్వమునుండియు తెలియును. ఆ వేడిమి యెచ్చటిది? ఎంత వేగముగా పైకి వచ్చుచున్నది? దానినిబట్టి భూమి వయస్సును గణింపవచ్చునా? ఈ ప్రశ్నలను గణితముతో పట్టి విచారించినవారిలో అగ్రగణ్యుడు విలియం థాంసన్. లోకము ఆయనను లార్డు కెల్విన్ అను పేరుతో ఎరుగును. పరమశూన్య ఉష్ణోగ్రతను గూర్చి పాఠము చెప్పునప్పుడు పాఠశాలలలో ఆయన పేరు వినబడును. కాని కౌమారమునుండి వార్ధకము వరకు ఆయన విడువక పట్టుకొనిన విషయము భూగర్భోష్ణము. ఆయనకు గొప్ప పేరును, తుదకు గొప్ప వివాదమును తెచ్చినదియు అదియే.

విలియం థాంసన్ 1824వ సంవత్సరము జూన్ 26వ తేదీన ఐర్లండులోని బెల్ఫాస్టు నగరమున జన్మించెను. తండ్రి జేమ్స్ థాంసన్ వ్యవసాయ కుటుంబమున పుట్టి, స్వయంకృషిచే పైకి వచ్చిన గణితోపాధ్యాయుడు. విలియం తన ఆరవయేట తల్లిని కోల్పోయెను. 1832లో తండ్రికి స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయమున గణితాచార్య పదవి లభింపగా కుటుంబమంతయు ఆ నగరమునకు తరలిపోయెను. పిల్లలకు తండ్రియే గురువై చదువు చెప్పెను. ఆ చదువు ఎంత గట్టిదనగా, పదియేండ్ల ప్రాయముననే విలియం ఆ విశ్వవిద్యాలయమున విద్యార్థిగా చేరగలిగెను.

ఆ దినములలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫూరియే ఉష్ణవిషయమై వ్రాసిన మహాగ్రంథము పండితులలో చర్చనీయాంశముగా నుండెను. 1822లో వెలువడిన ఆ గ్రంథము, ఒక వస్తువులో వేడిమి కలిగిన భాగమునుండి చల్లని భాగమునకు ఉష్ణము ఏ నియమము ననుసరించి ప్రాకునో గణితరూపమున నిరూపించినది. 1840లో థాంసన్ దానిని గ్రంథాలయమునుండి తెచ్చుకొని పక్షము దినములలో చదివి ముగించెను. అప్పటికాయనకు పదునారేండ్లు నిండలేదు. ఎడింబరో విశ్వవిద్యాలయమందలి గణితాచార్యుడొకడు ఫూరియే పద్ధతిలో దోషములు కలవని వ్రాసియుండెను. దోషము ఫూరియేది కాదనియు, విమర్శకుడే పొరబడెననియు ఆ బాలుడు కనుగొని, 1841లో ఒక గణితపత్రికలో వ్యాసము ప్రకటించెను. పేరు పెట్టుటకు సంకోచించి, పొడియక్షరములు మాత్రమే వ్రాసెను. పెద్దల లెక్కను కూడ పరీక్షింపకుండ అంగీకరింపరాదని ఆ వయస్సుననే ఆయన ఎరిగియుండుట గమనింపదగినది. అర్ధశతాబ్దము పిమ్మట ఆయన లెక్కకును అట్టి పరీక్షయే రానుండెను.

1841లో థాంసన్ కేంబ్రిడ్జికి పోయెను. చదువుతోపాటు పడవ పందెములలోను, సంగీతములోను ఆసక్తి చూపెను. 1845లో గణిత పరీక్షయందు ద్వితీయ స్థానము పొందెను. పిదప పారిస్ నగరమున, ఉష్ణపరిమాణములను అతి సూక్ష్మముగా కొలుచుటలో ప్రసిద్ధికెక్కిన రెనో అను ఆచార్యుని ప్రయోగశాలలో కొంతకాలము పనిచేసెను. గణితము తండ్రివద్ద అబ్బినట్లే, చేతితో కొలుచు నేర్పు అచ్చట అబ్బినది. 1846లో, ఇరువదిరెండవ యేట, గ్లాస్గో విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుడుగా నియుక్తుడయ్యెను. ఆ సందర్భమున ఆయన సమర్పించిన లాటిన్ వ్యాసమునకు వస్తువు భూమి శరీరమునందు ఉష్ణము వ్యాపించు విధము. ఆ పీఠమున ఆయన 1899 వరకు ఏబదిమూడేండ్లు కొనసాగెను.

పూర్వము మద్యము నిలువచేయు నేలమాళిగగా నుండిన గది నొకదానిని ఆయన విద్యార్థుల ప్రయోగశాలగా మార్చెను. బ్రిటనునందు విశ్వవిద్యాలయ విద్యార్థులు స్వహస్తములతో భౌతికశాస్త్ర ప్రయోగములు చేయుట కేర్పడిన శాలలలో మొదటివానిలో అది చేరును. తరగతిలో ఆయన ప్రసంగము ఒక విషయమునుండి మరొకదానికి దుముకుచు సామాన్య విద్యార్థులకు అందకపోవుట కలదు. ప్రయోగశాలలో మాత్రము గురుశిష్యులు కలిసి వస్తువుల గుణములను కొలిచిరి. 1848లో ఆయన ఏ ద్రవపదార్థముయొక్క వ్యాకోచము మీదను ఆధారపడని నిరపేక్ష ఉష్ణోగ్రతామానమును ప్రతిపాదించెను. సెంటిగ్రేడు మానమున సున్నకు 273 డిగ్రీల దిగువను ఆ కొలత ప్రారంభమగును. ఉష్ణము ఒక ద్రవ్యము కాదనియు, శక్తికి ఒక రూపమనియు చాటిన జౌల్‌తో ఆయనకు 1847లో పరిచయమయ్యెను. వారిరువురి స్నేహము ఉష్ణగతిశాస్త్రమునకు బలమైన పునాది వేసినది.

ఇక భూమి సంగతి. ఎడింబరో నగరమందలి ఆచార్యుడు ఫోర్బ్సు 1837లో కాల్టన్ కొండపైనను మరి రెండు తావులందును నేలలో పొడవైన థర్మామీటర్లను పాతించెను. వాని లోతులు ఫ్రెంచి కొలతలో 3, 6, 12, 24 అడుగులు. ఏండ్ల తరబడి వానిని చూచి అంకెలు వ్రాసికొనిరి. పైనేలలో నడివేసవి వేడిమి క్రిందికి దిగుటకు ఎంత ఆలస్యమగుననగా, 24 అడుగుల లోతున మిక్కుటమైన వేడిమి జనవరి మాసపు చలిలో కనబడెను! ఉష్ణతరంగము క్రిందికి దిగినకొలది సన్నగిల్లును, దిగుటలో ఆలస్యమగును. ఎంత సన్నగిల్లినదో, ఎంత ఆలస్యమైనదో తెలిసినచో, ఆ శిల ఉష్ణమును ఎంత వేగముగా తనలో ప్రాకనిచ్చునో ఫూరియే గణితముచే కట్టవచ్చును. 1860లో థాంసన్ ఆ అంకెలనుండి ఎడింబరో శిలల ఉష్ణవాహక గుణమును రాబట్టెను. నేలను త్రవ్వి రాతిని పైకి తీయనక్కరలేకుండగనే, ఉన్నచోట దాని స్వభావమును తెలిసికొనుట కది ఉపాయము.

ఆ శీతకాలముననే మంచుపై ఆడు క్రీడలో పడి ఆయన కాలు విరుగుకొనెను. మాసముల తరబడి మంచము పట్టవలసివచ్చెను. నడకలో కుంటు జీవితాంతము నిలిచిపోయెను. ఆ నిర్బంధ విశ్రాంతిలో సూర్యుని వయస్సు, భూమి వయస్సు అను ప్రశ్నలు ఆయనను ఆవరించెను. 1862 ఏప్రిలు 28వ తేదీన ఎడింబరోలోని రాయల్ సొసైటీ సభలో భూమి చల్లారుటను గూర్చిన ఆయన వ్యాసము చదువబడెను.

ఆయన తర్కము సరళమైనది. భూమి తొలుత కరిగిన శిలయైయుండి, గట్టిపడి, నాటినుండి చల్లారుచున్నది. కొలిమినుండి తీసిన ఇనుపగుండు పైభాగము ముందు చల్లబడును. లోపలి వేడిమి పైకి ప్రాకుచు క్రమముగా తరుగును. చల్లారిన తొలినాళ్లలో పైపొరయందు కొద్ది లోతునకే వేడిమి తీవ్రముగా పెరుగును. కాలము గడచినకొలది ఆ పెరుగుదల మందగించును. ఆ మందగింపునకు ఒక నియమము కలదు: లోతునుబట్టి పెరుగుదల సగమైనచో, గడచిన కాలము నాలుగు రెట్లన్నమాట. కావున ఇప్పటి పెరుగుదలను కొలిచి, శిల వాహకగుణమును, తొలినాటి వేడిమిని తెలిసికొన్నచో, గడచిన కాలము తేలును. థాంసన్ తొలి వేడిమిని 7,000 ఫారన్‌హీటు డిగ్రీలనియు, పెరుగుదలను ఏబది అడుగులకు ఒక ఫారన్‌హీటు డిగ్రీ అనియు గ్రహించెను. మన కొలతలో ఇది సుమారు 27 మీటర్లకు ఒక సెంటిగ్రేడు డిగ్రీ యగును. ఎడింబరో శిలల గుణమును జోడింపగా 9 కోట్ల 80 లక్షల సంవత్సరములు వచ్చెను. అంకెలలోని సందేహములనుబట్టి వయస్సు 2 కోట్లకు తగ్గదనియు, 40 కోట్లకు మించదనియు ఆయన నిర్ణయించెను.

ఈ లెక్క శాస్త్రలోకమున గొప్ప కలవరమును పుట్టించెను. భూస్తరములు మెల్లమెల్లగా ఏర్పడెననియు, అందులకు అపారమైన కాలము పట్టెననియు భూశాస్త్రజ్ఞులు నమ్మియుండిరి. 1859లో జీవజాతుల ఉత్పత్తిని గూర్చి గ్రంథము ప్రకటించిన డార్విన్, దక్షిణ ఇంగ్లండులోని ఒక లోయ ఒరసికొనిపోవుటకే దాదాపు 30 కోట్ల ఏండ్లు పట్టియుండునని అందు అంచనా కట్టెను. పిదపి కూర్పులనుండి దానిని తొలగించెను. జీవులు స్వల్పమైన మార్పులచే పరిణమించుటకు కాలము చాలదని థాంసన్ పక్షమువారు వాదించిరి. డార్విన్ ఆ ఆక్షేపణకు సరియైన సమాధానము కానక జీవితాంతము చింతించెను.

థాంసన్ తన అంకెలను మరింత స్థిరపరుపదలచెను. ఆయన ప్రేరణచే 1867లో బ్రిటిష్ అసోసియేషన్ భూగర్భ ఉష్ణోగ్రతలను సేకరించుటకు ఒక సంఘమును నియమించెను. ఎవరెట్టు అను ఆచార్యుడు దానికి కార్యదర్శియై, గనులనుండియు బోరులనుండియు అనేక సంవత్సరములు అంకెలు కూర్చెను. ఆ పని పైకి కనబడునంత తేలిక కాదు. లోతైన బోరులో నీటిబరువు థర్మామీటరు బుడ్డిని అదిమి, లేని వేడిమిని ఉన్నట్లు చూపును. అందుచే దానిని మరియొక గాజుగొట్టములో నుంచి మూతి కరిగించి మూసిరి. క్రింది వేడినీరు పైకి లేచి, పై చన్నీరు క్రిందికి దిగుటచే బోరులోని ఉష్ణోగ్రత శిలయొక్క ఉష్ణోగ్రత కాకపోవచ్చును. అందుచే కొన్నిచోట్ల బిరడాలు బిగించి నీటిని విభజించి కొలిచిరి. త్రవ్వునప్పటి ఒరపిడి వేడిమి ఆరువరకు వేచియుండవలెను. ఈ జాగ్రత్తలన్నియు నేటి బోరులలోను పాటింపబడుచున్నవి.

ఇంతలో థాంసన్ కీర్తి మరొక మార్గమున దేశదేశములకు ప్రాకెను. అట్లాంటికు మహాసముద్రపు అడుగున తంతితీగ వేయు ప్రయత్నము 1858లో విఫలమై, 1866లో సఫలమయ్యెను. అతి క్షీణమైన విద్యుత్సంకేతమును కూడ పట్టి చూపు దర్పణ యంత్రము ఆయన కల్పనయే. ఆ సంవత్సరమే ఆయనకు సర్ బిరుదము లభించెను. 1870లో బొంబాయికి సముద్రపు తంతి వచ్చెను. అట్టి దీర్ఘమైన తంతులపై వార్తలు తమంతట తామే సిరాగీతలుగా పడునట్లు ఆయన నిర్మించిన యంత్రము తంతికార్యాలయములలో వ్యాప్తి చెందెను. నావికుల దిక్సూచిని సంస్కరించెను. సముద్రపు లోతును కొలుచు సాధనమును కల్పించెను. 1892లో ప్రభుపదవి లభింపగా, గ్లాస్గో విశ్వవిద్యాలయము ప్రక్కన పారు కెల్విన్ నది పేరు స్వీకరించి లార్డు కెల్విన్ అయ్యెను. ఇట్టి మహామేధావి లెక్కలో తప్పు కలదని చెప్పుటకు భూశాస్త్రజ్ఞులు జంకుట ఆశ్చర్యము కాదు. వారికి తమ శిలలు ఒకటి చెప్పుచుండగా, గణితము మరొకటి చెప్పుచుండెను.

చెప్పగలిగినవాడు ఆయన శిష్యవర్గమునుండియే వచ్చెను. జాన్ పెర్రీ పూర్వము గ్లాస్గోలో థాంసన్‌కు సహాయకుడుగా పనిచేసిన ఇంజనీరు. గురువునందు అపార భక్తి కలవాడు. 1895 జనవరిలో ఆయన నేచర్ పత్రికలో తన ఆక్షేపణను ప్రకటించెను. అంతకుముందే దానిని గురువునకు, మిత్రులకు పంపి సవినయముగా చర్చించియుండెను. గురువు గణితమున దోషము లేదు. దోషమున్నచో అది మొదట గ్రహించిన భావనలో నుండవలెనని పెర్రీ తలచెను. భూమి లోపలిభాగమంతయు పైశిలవలెనే ఉష్ణమును నెమ్మదిగా పంపునని కెల్విన్ భావించెను. లోపలి పదార్థము కొంతయైనను కదలుచు, పొయ్యిమీది నీటివలె వేడిమిని మోసికొనివచ్చినచో, పైపొరకు చిరకాలము ఉష్ణము అందుచునే యుండును. అప్పుడు నేటి పెరుగుదలయే 200, 300 కోట్ల సంవత్సరముల వయస్సుతోను పొసగును. కెల్విన్ ఈ వాదమును అంగీకరింపలేదు. 1897లో తన అంచనాను మరింత కుదించి, 2 కోట్లకును 4 కోట్లకును నడుమ నిలిపెను.

మరొక ప్రక్క 1896లో బెకరెల్ రేడియోధార్మికతను కనుగొనెను. రేడియము ఎడతెగక ఉష్ణమును వెలువరించుచుండునని 1903లో పియరీ క్యూరీ, లబోర్డు కొలిచి చూపిరి. మరుసటి ఏడు రూథర్‌ఫర్డు లండనులో ఈ విషయమై ఉపన్యసించునప్పుడు వృద్ధుడైన కెల్విన్ శ్రోతలలో నుండెను. కొత్త ఉష్ణమూలము ఏదియు బయటపడనియెడలనే తన లెక్క చెల్లునని కెల్విన్ పూర్వము షరతు పెట్టియుండెననియు, ఆ మూలము నేడు రేడియమురూపమున దొరకినదనియు రూథర్‌ఫర్డు చమత్కారముగా చెప్పి ఆయన మనస్సు నొవ్వకుండ గట్టెక్కెను. అయినను పరమాణువులే ఆ శక్తికి మూలమను సిద్ధాంతమును కెల్విన్ తుదివరకు పూర్తిగా సమ్మతింపలేదు. 1899లో ఆచార్యపీఠమును విడిచిన పిదప అదే విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగా పేరు నమోదు చేయించుకొనిన జ్ఞానతృష్ణ ఆయనది. 1907 డిసెంబరు 17వ తేదీన స్కాట్లండులోని లార్గ్సు గ్రామసమీపమున తన గృహమునందు మరణించెను. వెస్ట్‌మినిస్టరు ఆలయమున న్యూటన్ సమాధికి చేరువలో ఆయన దేహము నుంచబడెను.

భూమి వయస్సు నేటి లెక్కను సుమారు 454 కోట్ల సంవత్సరములు. రేడియోధార్మికత తెలియకపోవుటచేతనే కెల్విన్ పొరబడెనని పలు పాఠ్యగ్రంథములు చెప్పుచుండును. ఇది సగము నిజము. భూమినుండి వెలువడు ఉష్ణములో ఇంచుమించు సగము రేడియోధార్మిక మూలకములవలన కలుగునదే. కాని ఆ ఉష్ణమును చేర్చి, కెల్విన్ పద్ధతిలోనే లోపలిభాగమును నిశ్చలమని భావించి లెక్కించినచో, వయస్సు అంతగా పెరుగదు. ప్రధానమైన లోపము పెర్రీ చూపినదే: భూమి లోపలి శిల, ఘనరూపమున నున్నను, కోట్ల సంవత్సరములలో మెల్లగా ప్రవహించును. ఖండములు కదలుచున్నవని తెలిసిన పిదపగాని ఈ సంగతి లోకమునకు స్థిరపడలేదు. తరగతిలో కెల్విన్ కథ చెప్పు ఉపాధ్యాయుడు పెర్రీ పేరును కూడ తలచుట న్యాయము.

వయస్సు లెక్క పోయినను, కొలత నిలిచినది. ఒక ప్రదేశమున లోతునుబట్టి ఉష్ణోగ్రత పెరుగు రేటును శిలయొక్క ఉష్ణవాహకతచే గుణించినచో, అచ్చట భూమినుండి వెలువడు ఉష్ణప్రవాహము వచ్చును. ఖండములపై ఇది సగటున చదరపు మీటరునకు 65 మిల్లీవాట్ల ప్రాంతమున నుండును. ఒక హెక్టారు పొలము అడుగునుండి వచ్చు వేడిమి అంతయు చేర్చినను ఒక చిన్న విద్యుత్ ఇస్త్రీపెట్టెకు మాత్రమే చాలును. ఇంత స్వల్పమైనను దానిని కొలువవచ్చును. కొలిచినచో పాతాళపు వార్తలు తెలియును.

హైదరాబాదున 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మన దేశమున ఈ పనిని చేపట్టెను. మైసూరు సీమయందలి కోలారు బంగారుగనులలో, మూడు కిలోమీటర్లకు మించిన లోతున కూడ, అతి ప్రాచీన శిలలలో ఉష్ణోగ్రత మెల్లగా పెరుగుట కనబడెను. గోదావరి లోయలో బొగ్గుకై త్రవ్విన బోరులలో పెరుగుదల అంతకంటె హెచ్చుగా నున్నది. మణుగూరు ప్రాంతమున కొన్ని బోరులనుండి వేడినీరు దానంతటదే పైకి పొంగును.

నదులు తెచ్చిన మట్టి, ఇసుక పొరలు పొరలుగా పేరుకొనిన అవక్షేప ద్రోణులలో ఈ కొలత ప్రాముఖ్యము మరింత హెచ్చు. బంకమట్టి గట్టిపడి ఏర్పడిన శిల ఉష్ణమును తేలికగా పోనీయదు; క్రింది వేడిమికి దుప్పటివలె అడ్డుపడును. చదరపు మీటరునకు 60 మిల్లీవాట్ల ఉష్ణము పైకి వచ్చుచున్నదనుకొన్నచో, గ్రానైటులో కిలోమీటరునకు 20 డిగ్రీలు పెరుగుచోట, దానిలో సగము వాహకత గల బంకశిలలో 40 డిగ్రీలు పెరుగును. పూర్వపు జీవకళేబరములతో కూడిన మట్టి సుమారు 60 మొదలు 120 డిగ్రీల వరకు వేడెక్కినచో అందు చమురు పుట్టును. అంతకు మించినచో వాయువు పుట్టును. అందుచే కృష్ణా గోదావరి ద్రోణిలో చమురు, సహజవాయువులకై బోరు దించువారికి అడుగున ఎంత వేడిమి కలదో తెలియుట అత్యావశ్యకము.

తోటపల్లి గూడూరు సముద్రతీరమునుండి తూర్పునకు పోయిన కొలదియు, పెన్నా మొదలగు నదులు అనాదిగా తెచ్చిన ఇట్టి పొరలే సముద్రపు అడుగున దళసరియగుచు పోవును. భారతఖండము అంటార్కిటికానుండి విడిపోవుటతో, దాదాపు 13 కోట్ల సంవత్సరముల క్రిందట, ఈ తూర్పుతీరపు ద్రోణులు రూపొందసాగెను. ఒక్క ఈ తీరపు చరిత్రయే కెల్విన్ భూమండలమంతటికి కట్టిన 9 కోట్ల 80 లక్షల ఏండ్లను మించిపోయినది. అయినను, ఆ పొరలలో ఏ బోరునందైనను ఉష్ణప్రవాహమును కట్టదలచినవారు లోతు, ఉష్ణోగ్రత, శిలావాహకత అను మూడింటిని ఆయన కూర్చినట్లే కూర్చుచున్నారు. వారు వ్రాయు ఉష్ణోగ్రతా ప్రమాణమునకు పేరు కూడ కెల్వినే.